సీసపు చేపతో సముద్రంలో వేట



కోరాపుట్ కొండల్లోనూ, రాయగడ లోయల్లోనూ ఉండేవారికి సముద్రంలో గాలం వెయ్యడం గురించి చెప్పడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని ఒక్క సంగతి ఆలోచించండి. రాయగడ పక్కనుంచి పారే నాగావళి శ్రీకాకుళం దాటాక కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గుణుపురం మీదుగా పోయే వంశధార కళింగపట్నం దగ్గర కలుస్తుంది. మన గడప ముందు పారిన నీళ్ళే అక్కడికి పోయి ఉప్పునీళ్ళవుతున్నాయి. ఇక కోరాపుట్ నుంచి అరకు మీదుగా గాని, రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా గాని రైలెక్కితే ఆ రోజుకి ఆ రోజే విశాఖపట్నంలో దిగుతాం. ఆసుపత్రి పనిమీదో, పెళ్ళి సామాను కొనడానికో, పిల్లల చదువు కోసమో విశాఖపట్నం వెళ్ళని తెలుగు కుటుంబం ఈ రెండు జిల్లాల్లోనూ అరుదే.

అలా వెళ్ళేవాళ్ళలో కొందరు కుర్రవాళ్ళు ఇప్పుడు సంచిలో మడత రాడ్డు, రీలు కూడా పెట్టుకుని వెళ్తున్నారు. కొలాబ్ జలాశయం ఒడ్డునో, జలాపుట్ దగ్గరో పిండి ఉండతో బొచ్చె చేపను, శీలావతిని పట్టిన చేతులవి. అదే సరంజామాతో భీమిలి ఒడ్డున నిలబడతారు. ఉత్త చేతులతో తిరిగివస్తే నష్టమేమీ లేదు. రాతి మీద జారి కెరటంలో పడినా, వేసవిలో ఐసు లేకుండా తెచ్చిన సూర చేప తిని ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైనా అప్పుడు మాత్రం నష్టమే. అంచేత ఈ ప్రసంగంలో ఉప్పునీటి వేటలో వాడే జిగ్ అనే సీసపు చేపను ఎలా ఎంచుకోవాలో, దాన్ని నీటిలో ఎలా ఆడించాలో, మన ప్రాణానికీ ఇంటికీ ముప్పు రాకుండా ఎలా చూసుకోవాలో చెప్పుకుందాం.

జిగ్ అంటే మరేమీ కాదు. చేప ఆకారంలో పోతపోసిన సీసపు ముక్క. పైన వెండి రంగు రేకు, దాని మీద రంగు, ఒక కన్ను, పైకొసన ఒక రింగు, కింది కొసన ఒక రింగు. దానికి వాసన లేదు, రుచి లేదు. చెరువులో చేప పిండి ఉండ దగ్గరికి వాసన పట్టుకుని నెమ్మదిగా వస్తుంది. సముద్రంలో పార, కోనెం లాంటి చేప అలా రాదు. అది వేటకత్తె. పరుగెత్తేదాన్ని, తడబడేదాన్ని చూసి దూకుతుంది. కాబట్టి జిగ్గుకి ప్రాణం పోసేది మన మణికట్టు మాత్రమే. కొన్నవాడు వేరు, ఆడించేవాడు వేరు.

ఇది విదేశాల నుంచి వచ్చిన కొత్త విద్య అనుకోనక్కరలేదు. ఖరీదైన రాడ్లు, జపాను వారి పేర్లు కొత్తవి గాని ఉపాయం పాతదే. గాలాల వరుసకి మెరిసే పోగులు కట్టి, కింద సీసం గుండు వేలాడదీసి, చేత్తో పైకీ కిందికీ లాగుతూ కానగుర్తల్ని పట్టడం జాలర్లకి తెలిసిన పనే. భీమిలి దగ్గర తెప్ప పక్కన కూర్చుని గాలాలు సరిచేసుకుంటున్న ఒక ముసలాయన్ని నేను ఒకసారి అడిగాను, "తాతా, ఎర లేకుండా చేప ఎలా పడుతుంది?" అని. ఆయన నవ్వి, "బాబూ, కడుపు నిండిన చేప కూడా దెబ్బ తిన్నదాన్ని చూస్తే ఊరుకోదు. నువ్వు చేపలాగ కాదు, దెబ్బ తిన్న చేపలాగ ఆడించాల" అన్నాడు. జిగ్గుల మీద వచ్చిన పుస్తకాలన్నీ తిరగేసినా ఇంతకంటె ఎక్కువ దొరకదనుకుంటాను.

ఇక్కడ ఒక్క ముక్క పక్కదారి పట్టినా మీకు నచ్చుతుందనే చెబుతున్నాను. 1780లలో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నంలో ఉండి, అక్కడి జాలర్లు తెచ్చిన చేపలకి బొమ్మలు గీయించి, వారు చెప్పిన పేర్లు చెప్పినట్టే రాసుకున్నాడు. రెండు వందల చేపల ఆ గ్రంథం 1803లో లండనులో అచ్చయింది. దాన్ని చూసి తరవాతి శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లలో మన తెలుగు మాటలు అలాగే ఉండిపోయాయి. ప్రపంచమంతటా కానగుర్త చేప శాస్త్రీయ నామంలో కానగుర్త అనే మాటే ఉంది. తోలుపార పేరులో తోల్ అని ఉంది. శూలంలా పొడుగ్గా, కోరలతో ఉండే బారకుడాల్లో ఒకదాని పేరు జెల్లో. మూడూ మన తీరపు జాలర్ల నోటి మాటలే. అందులో మొదటిది వేటాడబడేది, మిగతా రెండూ జిగ్గు మీదికి దూకేవి. ఈనాటి మన ప్రసంగానికి కావలసిన పాత్రలన్నీ ఆ పుస్తకంలోనే ఉన్నాయి.

సరే, జిగ్ ఎంపికకి వద్దాం. దుకాణంలో గోడ నిండా రంగురంగుల జిగ్గులు వేలాడుతుంటాయి. వాటిని చూసి మన కళ్ళు చెదురుతాయి. చేపను ఆకర్షించేవాటికంటె కొనేవాణ్ణి ఆకర్షించేవే అక్కడ ఎక్కువని నా అభిప్రాయం. అంచేత దుకాణానికి పోయే ముందు మన సంతకి వెళ్ళండి. ఎండు చేపల గంప దగ్గర నిలబడి ఒక ఎండు నెత్తల్లిని, ఒక ఎండు కవళ్ళ చేపని తీసి అరచేతిలో పెట్టుకుని చూడండి. నెత్తల్లి మీ వేలంత. సన్నన, పొడుగు. కవళ్ళ చేప అరచేతి పొడుగు, పక్కలు వెడల్పు. ఒడ్డుకి దగ్గరగా పెద్ద చేపలు తినేవి ఎక్కువగా ఇవే. కాబట్టి ఒడ్డునుంచి వేసేవారికి రెండు ఆకారాలు చాలు. నెత్తల్లి పొడుగులో సన్నటి జిగ్గొకటి, కవళ్ళ చేప మాదిరి కొంచెం వెడల్పైన జిగ్గొకటి. ఏ రంగైనా పొట్ట వైపు వెండి మెరుపు ఉంటే సరిపోతుంది.

రంగు గురించి ఎక్కువ తర్జనభర్జన అక్కరలేదు గాని ఒక్క సంగతి తెలిసి ఉండాలి. నీటి లోతుకి పోయేకొద్దీ వెలుతురులో ముందుగా మాయమయ్యేది ఎరుపు. పది మీటర్లు దిగేసరికి ఎర్ర జిగ్గు చేప కంటికి నల్లగా, మసకగా కనబడుతుంది. నీలం, ఆకుపచ్చ మరికొంత లోతుదాకా నిలుస్తాయి. నీరు తేటగా ఉంటే వెండి, నీలం. నదీముఖం దగ్గర నీరు కలకబారి ఉంటే బంగారు రంగు, నారింజ రంగు. బాగా లోతున, చీకటి పడే వేళ అయితే చీకట్లో వెలిగే పూత ఉన్నది. రంగుకింతకంటె ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు.

బరువు అసలు విషయం. ఒడ్డున నిలబడి విసిరేవారికి 20 నుంచి 40 గ్రాములు. గాలి ఎదురుగా వీస్తుంటే 40, లేకపోతే 30కి మించనక్కరలేదు. కాని మీ రాడ్డు ఎంత బరువు మొయ్యగలదో ముందు చూడండి. ప్రతి రాడ్డు మీదా పిడికి పైన ఆ అంకె రాసి ఉంటుంది. జలాశయం దగ్గర వాడే ఐదారు అడుగుల రాడ్డు మీద చాలాసార్లు 15 గ్రాములనే ఉంటుంది. దానికి 40 గ్రాముల సీసం కట్టి బలంగా విసిరితే విరిగేది రాడ్డే. తెగిన జిగ్గు వెనక నిలబడ్డవాడి ముఖం మీదికి వచ్చినా రావచ్చు. సముద్రం ఒడ్డుకి తొమ్మిది, పది అడుగుల రాడ్డు, 40 నుంచి 60 గ్రాములు మోసేది కావాలి.

పడవ మీద లెక్క వేరు. అక్కడ దూరం విసరడం ఉండదు, నిట్టనిలువుగా దించడమే. జాలర్లు లోతుని బారల్లో చెబుతారు. రెండు చేతులూ చాచినంత దూరం ఒక బార, సుమారు ఆరడుగులు. పదకొండు బారల నీరంటే 20 మీటర్లు. అక్కడ 40 నుంచి 60 గ్రాముల జిగ్గు చాలు. ఇరవై రెండు బారలంటే 40 మీటర్లు. అక్కడ 80 నుంచి 120 కావాలి. 60 మీటర్లు దాటితే 150, 200 గ్రాములు. ఈ అంకెల్ని శాసనంగా పట్టుకోకండి. జిగ్గు అడుగుకి తగిలిందని వేలికి తెలియాలి, దారం పడవ పక్కన నిలువుగా ఉండాలి. దారం ఏటవాలుగా సాగిపోతోందంటే ప్రవాహం బలంగా ఉందన్నమాట. అప్పుడు ఇంకొంచెం బరువైనది కట్టాలి. మన తీరం వెంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రవాహం ఉత్తరంగానూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగానూ నడుస్తుంది. ఇది తెలిస్తే జిగ్గు ఎటు కొట్టుకుపోతుందో ముందే ఊహించవచ్చు.

ఒకే బరువున్న రెండు జిగ్గులు నీటిలో ఒకలాగ దిగవు. సీసం తోకవైపు ఎక్కువగా ఉన్నది బాణంలా దూరం పోతుంది, నీటిలో సూటిగా, వేగంగా దిగుతుంది. ఒడ్డునుంచి వేసేవారికి, ప్రవాహం బలంగా ఉన్నచోట వేసేవారికి అదే మంచిది. సీసం నడుమ ఉన్నది అడ్డంగా వాలి, రాలే ఆకులా అటూ ఇటూ ఊగుతూ దిగుతుంది. సన్నటి కత్తిలాంటి పొడుగు జిగ్గు వేగంగా లాగడానికి పుట్టింది. వెడల్పుగా, పలచగా ఆకులాంటిది నెమ్మదిగా ఆడించడానికి పుట్టింది. కొనేటప్పుడు జిగ్గును నడుమ భాగంలో వేలిమీద నిలబెట్టి చూడండి. తోక వైపు వాలిపోతే తోకబరువుది, సమంగా నిలిస్తే నడుమబరువుది. దుకాణదారుడు ఏం చెప్పినా మీ వేలు అబద్ధం చెప్పదు.

ఇక కొక్కెం. కొత్తగా కొన్న జిగ్గుకి తోకన మూడు ముళ్ళ కొక్కెం ఉంటుంది. ఒడ్డున రాళ్ళు ఉన్నచోట అది అడుగున పట్టుకుందంటే జిగ్గు సముద్రానికి సమర్పించుకోవడమే. అందుకని అనుభవజ్ఞులు దాన్ని తీసేసి, పైకొసనున్న రింగుకి గట్టి అల్లిక దారంతో పొట్టిగా ఒక ఒంటి ముల్లు కొక్కేన్ని వేలాడదీస్తారు. వేటచేప సాధారణంగా ఎర తలవైపు దెబ్బకొడుతుంది కాబట్టి కొక్కెం అక్కడ ఉండడమే న్యాయం. పైగా బరువైన జిగ్గు కొక్కేనికి తగిలి ఉండక విడిగా ఊగుతుంది గనుక చేప తల విదిలించినప్పుడు కొక్కెం ఊడదు. చేపను వదిలెయ్యాలన్నా ఒక్క ముల్లు తియ్యడం తేలిక. ఆ కొక్కెం నోరు జిగ్గు వెడల్పుకంటె పెద్దదిగా ఉండాలి. లేకపోతే ముల్లు సీసానికి అతుక్కుపోయి చేప నోట్లో గుచ్చుకోదు. పదునుకి పరీక్ష ఉంది. ముల్లు కొసని బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా లాగండి. జారిపోతే మొద్దుబారింది, గోరుని పట్టుకుంటే పదునుగా ఉన్నట్టు.

దారం సంగతి త్వరగా ముగిద్దాం. జలాశయంలో వాడే నైలాను దారం సాగుతుంది. ముప్పై, నలభై మీటర్ల దారం వదిలాక మీరు మణికట్టు విదిలించినా ఆ సాగుడులోనే కదలిక పోతుంది, జిగ్గుకి అందదు. అందుకని అల్లిక దారం వాడాలి. అది సాగదు. కాని రాతికి ఒరుసుకుంటే ఇట్టే తెగుతుంది. కనుక కొసన బారెడు పొడుగున మందమైన నైలాను గాని, ఫ్లోరోకార్బన్ గాని కట్టాలి. కోనెం, బారకుడా, సావళ్ళు ఉన్నచోట పళ్ళు రంపాల్లాంటివి కాబట్టి ఆ చివర జానెడు సన్నటి ఉక్కు తీగ ఉండాలి. తీగ కడితే పార చేపలు కొంచెం అనుమానిస్తాయి. కట్టకపోతే కోనెం కొరికి పట్టుకుపోతుంది. ఈ బేరం ఏ రోజుకా రోజు తేల్చుకోవలసిందే. రీలు మీద బిగింపు మాత్రం దారం తెగే బలంలో నాలుగోవంతు నుంచి మూడోవంతు లోపలే ఉండాలి. ఇంట్లో సామాను తూచుకునే స్ప్రింగు త్రాసు ఉంటే దారాన్ని దానికి కట్టి లాగి చూసుకోవచ్చు.

ఇప్పుడు ఆడించడం. ఒడ్డునుంచి విసిరాక జిగ్గు నీటిలో పడగానే లాగెయ్యకండి. దారం బిగువుగా పట్టుకుని ఒకటి, రెండు అని లెక్కపెడుతూ దిగనివ్వండి. పది లెక్కకి అడుగు తగిలిందనుకోండి, మరుసటిసారి ఏడుకే ఆపి లాగండి, ఆపైసారి నాలుగుకి. ఏ లోతులో చేప తగిలిందో ఆ లెక్క గుర్తుపెట్టుకోండి. తరవాత రాడ్డుని నడుము ఎత్తునుంచి తల ఎత్తుకి లేపి, మళ్ళీ దించుతూ రెండు చుట్లు రీలు తిప్పండి. జిగ్గు పైకి ఉరికి, మళ్ళీ వాలుతుంది. చేప తగిలేది చాలావరకు ఈ వాలేటప్పుడే. మనకి కుదుపు రాదు, దారం ఉన్నట్టుండి వదులవుతుంది అంతే. ఆ వదులుని గమనించినవాడికి చేప, గమనించనివాడికి కథ. కోనెం, తోలుపార ఉపరితలంలో కవళ్ళ గుంపును తరుముతుంటే మాత్రం లేపడం, దించడం అక్కరలేదు. సన్నటి జిగ్గుని గుంపుకి అవతల పడేసి ఆగకుండా వేగంగా లాక్కురావడమే. గుంపు నడుమ మాత్రం పడెయ్యకండి, చెదిరిపోతుంది.

పడవ మీద అడుగుదాకా దించి, తగలగానే లేపాలి. అడుగున నానబెడితే రాళ్ళలో చిక్కుతుంది. రాడ్డు ఒకసారి పైకి విదిలించినప్పుడల్లా రీలు ఒక చుట్టు తిప్పుతూ, నీటి సగం లోతుదాకా ఎక్కించి మళ్ళీ దించడం ఒక పద్ధతి. పార, సూర దీనికి లొంగుతాయి. చేతులు మాత్రం పడిపోతాయి. రెండో పద్ధతి జపానులో పుట్టి ఇప్పుడు అన్ని దేశాలకీ పాకింది. వెడల్పాటి నడుమబరువు జిగ్గుని, మెత్తగా వంగే రాడ్డుతో పావు చుట్టు, అర చుట్టు మాత్రమే తిప్పుతూ లేపి, ప్రతిసారీ పూర్తిగా వాలనిస్తారు. అడుగున రాళ్ళను అంటిపెట్టుకుని ఉండే బొంత జాతి చేపలకి ఇదే మంచిది. వయసు మళ్ళినవారికీ ఇదే మంచిది, ఒళ్ళు అలవదు.

నదీముఖాల్లో ఈ లోహపు జిగ్గులకంటె, గుండ్రటి సీసపు తలకి రబ్బరు తోక తొడిగిన పది, ఇరవై గ్రాముల జిగ్గు మేలు. పండుగప్ప, మాగ ఎక్కువగా తిరిగేది ఉప్పునీరు, మంచినీరు కలిసేచోటే. కళింగపట్నం దగ్గర వంశధార మొగ, కళ్ళేపల్లి దగ్గర నాగావళి మొగ అలాంటివే. జిగ్గుని అడుగున గెంతిస్తూ, రెండు గెంతుల మధ్య రెండు క్షణాలు ఆపుతూ తేవాలి. పోటు ఎక్కేటప్పుడు చేప లోపలికి వస్తుంది, పాటు మొదలైన తొలి గంటలో మొగ దగ్గర కాపుకాస్తుంది. అమావాస్యకీ, పున్నమికీ పోటుపాట్ల తేడా ఎక్కువ కనుక నీరు బలంగా కదులుతుంది. పంచాంగం చూసి బయలుదేరడంలో తప్పు లేదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మాత్రం ఈ మొగల దగ్గరికి వెళ్ళి ప్రయోజనం లేదు. మన కొండల్లో కురిసిన వానే ఎర్రమట్టి కలుపుకుని అక్కడికి చేరుతుంది. కంటితో వేటాడే చేపకి ఆ నీటిలో జిగ్గు కనబడదు. వరద తగ్గి నీరు తేరుకున్నాక, డిసెంబరు నుంచి మార్చి దాకా అనుకూలమైన కాలం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటకి నిషేధం ఉంటుంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో డబ్బిస్తాం, పడవెక్కించండి అని జాలర్లని ప్రాధేయపడడం వారిని చిక్కుల్లో పెట్టడమే. విశాఖపట్నంలో రేవు, నౌకాదళం ఆవరణల దరిదాపుల్లో రాడ్డు పట్టుకుని తిరగడం కూడా కూడదు. ఇంకొక మర్యాద ఉంది. జాలర్లు వల లాగుతున్నచోట జిగ్గు విసరకండి. మనకి అది సరదా, వారికి ఆ పూట బియ్యం.

ఇక ప్రాణం మాట. కొండల్లో పెరిగిన మనకి వాగు గురించి తెలుసు, సముద్రం గురించి తెలియదు. వాగు ఒకవైపే లాగుతుంది. సముద్రం చాలాసేపు బుద్ధిగా ఉండి, అకస్మాత్తుగా పెద్ద కెరటాల వరుసని పంపిస్తుంది. అందుకని రాళ్ళమీదికి దిగే ముందు పావుగంటసేపు ఊరికే నిలబడి చూడండి. పెద్ద కెరటం ఎంతదాకా తడిపిందో ఆ తడి గీతకి పైనే ఉండండి. పచ్చటి నాచు పట్టిన రాయి సబ్బు పూసిన పలక లాంటిది. సముద్రానికి వీపు పెట్టవద్దు. తగిలిన చేప కోసం, చిక్కిన జిగ్గు కోసం నీటిలోకి దిగవద్దు. ఎంత పోసి కొన్న జిగ్గయినా దాని విలువ ఒక పూట కూలికి మించదు. ఒంటరిగా వెళ్ళకండి, ఒంటికి తేలే చొక్కా వేసుకోండి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇంకాయిస్ వారు కెరటాల ఎత్తు గురించి, ఉప్పెన అలల గురించి ముందస్తు హెచ్చరికలు ఇస్తుంటారు. అవి చూసుకుని రైలెక్కండి. వేసవి మధ్యాహ్నాలు మబ్బు పట్టి ఉరిమిందంటే రాడ్డు కింద పడేసి ఒడ్డు వదిలెయ్యండి. కార్బన్ రాడ్డు విద్యుత్తుని పట్టుకుంటుంది. ఇసుక మైదానంలో పది అడుగుల రాడ్డుతో నిలబడ్డవాడే పిడుగుకి అందరికంటె దగ్గర.

కొక్కెం వేలికి గుచ్చుకుని ముల్లుదాకా దిగితే వెనక్కి లాగకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ధనుర్వాతం సూది వేయించుకోండి. సముద్రపు జెల్లల వీపు ముల్లు, టేకు తోక ముల్లు విషం. చేప ఏదో తెలియకపోతే చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతో విడిపించండి. పొట్ట ఉబ్బించుకునే బుంగ చేపని పిల్లలు బొమ్మలా ఆడుకుంటారు. దాని కాలేయం, గుడ్లు ప్రాణం తీసే విషం. వంటతో ఆ విషం పోదు. సొరల్లో, టేకుల్లో కొన్ని జాతులు చట్టరీత్యా రక్షితమైనవి. అనుమానం ఉంటే వదిలెయ్యడమే క్షేమం.

కొందరు ఉత్సాహవంతులు జిగ్గులు ఇంట్లోనే పోత పోస్తామంటున్నారు. ఊళ్ళో పాత బ్యాటరీల సీసం చవకగా దొరుకుతుంది గదా అని వారి ధీమా. శ్రోతలారా, దయచేసి ఆ పని చెయ్యకండి. సీసం పొగ, సీసం దుమ్ము కంటికి కనబడకుండా ఒంట్లో చేరుతుంది, పసిపిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. వంటగదిలో, వంటకి వాడే గిన్నెలో సీసం కరిగించడమంటే ఆ ఇంటి పిల్లలకి విషం వడ్డించడమే. కొన్న జిగ్గు పట్టుకున్నాకైనా చేతులు కడుక్కోకుండా పొట్లం విప్పి పులిహోర తినకండి.

చివరిగా, పట్టిన చేపను కొండమీదికి చేర్చడం. ఈ భాగం మగవాళ్ళకంటె ఇంట్లో వంట చేసేవారు ఎక్కువ శ్రద్ధగా వినాలి. సూర, కానగుర్త, కోనెం లాంటి చేపల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక ఎండలో ఉంటే అందులోని సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. చేప చూడడానికి బాగానే ఉంటుంది, ఒక్కోసారి వాసన కూడా రాదు. వండినా, వేయించినా, పులుసు ఎంత మరిగించినా ఆ హిస్టమిన్ పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, తలపోటు, ఒంటినిండా దద్దుర్లు, వాంతులు వస్తాయి. నాలిక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే ఆ ముద్ద ఉమ్మేసి పళ్ళెం పక్కన పెట్టెయ్యాలి. ఉబ్బసం ఉన్నవారికి, పిల్లలకి ఇది ప్రమాదమే. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కాబట్టి చేప పట్టిన వెంటనే మొప్పల దగ్గర కోసి నెత్తురు కారనివ్వండి. పేగులు, మొప్పలు అక్కడే తీసేసి సముద్రపు నీటితో కడగండి. కిలో చేపకి కిలో ఐసు లెక్కన, పొడిచేసిన ఐసు చేప పొట్టలోనూ చుట్టూనూ కూరి, మూత గట్టిగా పడే థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. ఐసు ఫిషింగ్ హార్బరు దగ్గర దొరుకుతుంది. వేటకి వెళ్ళే ముందే కొని దగ్గర ఉంచుకోవాలి గాని, చేప పడ్డాక వెతుక్కోకూడదు. కోరాపుట్ బండి ఎక్కేవారికి సగం రోజు ప్రయాణం గనుక అరకు స్టేషనులో పెట్టె మూత ఒకసారి తీసి చూడండి. కరిగిన నీరు వంపేసి, ఐసు తగ్గితే మళ్ళీ నింపండి. ఐసు పూర్తిగా కరిగి చేప వెచ్చబడితే, ఎంత పెద్ద కోనెమైనా, ఎంత కష్టపడి పట్టినా, దాన్ని ఇంటికి తేవద్దు. రాడ్డు, రీలు, జిగ్గులు మాత్రం ఇంటికి రాగానే మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టండి. ఉప్పు రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది.